రనౌట్ ఏ ఫ్రేములో ఉంది?

మొన్న సంక్రాంతికి గుంటూరు పక్కనే ఒక ఊళ్లో టెన్నిస్ బాల్ టోర్నమెంటుకి లైవ్ పెట్టాం. మాది చిన్న యూనిట్. మూడు కెమెరాలు, వాటి బొమ్మల్ని ఒకచోట చేర్చే ఒక మిక్సర్, ఒక ల్యాప్‌టాప్, నాలుగు సిమ్ములు, ఎండ తగలకుండా పైన ఒక షామియానా గుడ్డ. మామూలుగా మేం చేసేవి పెళ్లిళ్లే. బ్రాడీపేటలో తాళి కడుతుంటే డాలస్‌లో ఉన్న మేనమామ సోఫాలో కూర్చుని చూడాలి కదా, ఆ పని. మూడేళ్ల నుంచి పండగలకి క్రికెట్టుకీ కబడ్డీకీ కూడా పిలుస్తున్నారు.

సెమీఫైనల్, ఆఖరి ఓవర్. రెండో పరుగుకి వెళ్లిన కుర్రాడు డైవ్ కొట్టాడు, కీపర్ బెయిల్స్ లేపాడు, దుమ్ము లేచింది. అంపైరింగ్ చేస్తున్న పీఈటీ మాస్టారు చెయ్యి సగం ఎత్తి ఆగిపోయారు. అంతే, రెండు టీములూ వచ్చి మా టేబుల్ మీద పడ్డాయి. "అన్నా, రీప్లే వెయ్యి." వేశాం. ఒక ఫ్రేములో బెయిల్స్ వికెట్ల మీదే ఉన్నాయి, బ్యాటు గీతకి జానెడు ఇవతల ఉంది. తర్వాతి ఫ్రేములో బెయిల్స్ గాల్లో ఉన్నాయి, బ్యాటు గీత దాటేసింది. ముందుకీ వెనక్కీ ఇరవై సార్లు తిప్పాం, అవే రెండు బొమ్మలు. "మధ్యలోది చూపించన్నా" అంటాడొకడు. మధ్యలోది లేదురా నాయనా, కెమెరా దాన్ని తియ్యనే లేదు.

ఆ రోజు నుంచీ టీవీలో మ్యాచ్ చూసే పద్ధతే మారిపోయింది నాకు. బొమ్మ ఎంత క్లియర్‌గా ఉందీ, ఎన్ని కెమెరాలు పెట్టారూ అని అందరం చూస్తాం. కానీ స్టేడియం బయట నిలబెట్టే, కెమెరాల బొమ్మలన్నీ చేరే ఆ ఓబీ వ్యాన్‌లో పడే తంటాల్లో సగానికి పైగా టైముతోనే. ఏ క్షణం ఎక్కడ దొరుకుతుంది, ఏ రెండు క్షణాలు ఒకటే, ఏ క్షణాన్ని ఎంతసేపు ఆపి పంపాలి, ఇదే గొడవ. మా రనౌట్‌తోనే మొదలుపెడతాను, లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

మా కెమెరాలు ఆ రోజు సెకనుకి 25 ఫ్రేముల మీద ఉన్నాయి. అంటే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 40 మిల్లీసెకన్లు. సెకనుకి 7 మీటర్లు పరిగెత్తే కుర్రాడు ఆ సందులో 28 సెంటీమీటర్లు ముందుకొచ్చేస్తాడు, జానెడు కంటే ఎక్కువే. ఇక ఆ రనౌట్ మాకెక్కడ దొరుకుతుంది. బంతి సంగతి ఇంకా ఘోరం. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది, 25 ఫ్రేముల కెమెరాలో ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య మీటరున్నర దూకేస్తుంది. వికెట్ల మధ్య దూరమే 20 మీటర్లు. బ్యాటు అంచుకి తగిలిందా లేదా అన్నది ఆ మీటరున్నరలో ఎక్కడో జరిగిపోయి ఉంటుంది.

అసలీ 25 ఎక్కడిదంటే మన కరెంటు నుంచి వచ్చింది. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. పాత టీవీ కాలంలో ఆ లెక్కకి సరిపోయేట్టు సెకనుకి 25 బొమ్మలు పెట్టుకుని, ఒక్కో బొమ్మని బేసి గీతలూ సరి గీతలూగా చీల్చి 50 సగం బొమ్మలుగా పంపారు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్లకి 30, 60. పాత డబ్బా టీవీలు పోయినా లెక్క పోలేదు, ఇప్పటికీ మన కెమెరా మెనూల్లో 25, 50 అలాగే కూర్చున్నాయి. నైట్ టోర్నమెంట్లలో దీని దెబ్బ ఇంకో రకంగా తగులుతుంది. 50 హెర్ట్జ్ మీద వెలిగే మామూలు లైటు సెకనుకి 100 సార్లు మినుకుమంటుంది, కంటికి తెలియదు గానీ స్లోమోషన్ తీస్తే గాలికి దీపం రెపరెపలాడినట్టు మొత్తం గ్రౌండే వణుకుతుంది. పెద్ద స్టేడియాల్లో మినుకు లేని ఫ్లడ్‌లైట్లు పెట్టించుకునేది ఇందుకే.

సరే, ఫ్రేములు పెంచితే పోదా? పోదు, షట్టర్, అంటే కెమెరా కన్ను తెరిచి మూసే రెప్ప, దాని వేగం కూడా పెంచాలి. సెకనులో 50వ వంతు సేపు షట్టర్ తెరిచి ఉంచితే పరిగెత్తే బ్యాటు ఆ కాస్త టైములోనే 14 సెంటీమీటర్లు జరిగి తెల్లటి మరకలా పడుతుంది. వెయ్యో వంతుకి తగ్గిస్తే 7 మిల్లీమీటర్లు, చాకుతో కోసినట్టు ఉంటుంది. కానీ అప్పుడు లోపలికొచ్చే వెలుతురు ఇరవయ్యో వంతుకి పడిపోతుంది. మిట్ట మధ్యాహ్నం ఫర్వాలేదు, సాయంత్రం అయిదున్నరకి ఆ సెట్టింగు పెడితే మ్యాచ్ కాదు, చీకట్లో దొంగలు పరిగెత్తినట్టుంటుంది. టీవీ వాళ్లు స్లోమోషన్‌కి విడిగా హైస్పీడ్ కెమెరాలు వాడతారు, మామూలు దానికి మూడింతల వేగంతో తీసేవి కొన్ని, సెకనుకి వెయ్యి ఫ్రేములు దాటేవి కొన్ని. వెయ్యి ఫ్రేముల్లో మన 140 కిలోమీటర్ల బంతి ఒక్కో బొమ్మకీ నాలుగు సెంటీమీటర్లే కదులుతుంది, అంటే బంతిలో సగం. అప్పుడు సీమ్ ఎటు తిరుగుతోందో కూడా కనపడుతుంది.

మరి అన్నిటినీ వెయ్యి మీద పెట్టెయ్యొచ్చుగా అంటే, ఇక్కడ అసలు తిరకాసు ఉంది. వెయ్యి ఫ్రేములతో తీసిన ఒక్క సెకను 50 చొప్పున చూపిస్తే 20 సెకన్లు పడుతుంది. అంతర్జాతీయ టీ20లో 20 ఓవర్లకి ఇచ్చే టైము 85 నిమిషాలు. 120 బంతులకి పంచితే బంతికి 42 సెకన్లు. అందులో బంతి వేసి, కొట్టి, పట్టుకుని, విసిరేసరికి ఎనిమిది పది సెకన్లు పోయె. మిగిలిన దాంట్లో బౌలర్ మొహం, బ్యాట్స్‌మన్ మొహం, స్కోరు, గ్యాలరీలో పాపాయి, ఆపైన రీప్లే, మళ్లీ బౌలర్ పరుగు మొదలుపెట్టే లోపు లైవ్‌లోకి రావాలి. ఇరవై సెకన్ల స్లోమోషన్ వేసుకుని కూర్చుంటే తర్వాతి బంతి పోతుంది. నాకైతే ఓబీ వ్యాన్‌లో అందరికంటే కష్టం రీప్లే ఆపరేటర్‌దే అనిపిస్తుంది. అతని మెషిన్‌లో కెమెరాలన్నీ ఆగకుండా రికార్డవుతూనే ఉంటాయి, బంతి పడ్డాక చక్రం లాంటి మీట తిప్పి వెనక్కెళ్లి, మంచి కోణం పట్టుకుని, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అని గుర్తు పెట్టి, "రెడీ" అనడానికి అతనికి దొరికేది నాలుగైదు సెకన్లు. బెల్జియంలోని లీయేజ్‌లో 1994లో పెట్టిన ఈవీఎస్ కంపెనీ మెషిన్లు ఈ పనిలో ఎంత పాతుకుపోయాయంటే, చాలాచోట్ల ఆ ఆపరేటర్‌నే 'ఈవీఎస్' అని పిలుస్తారు, మనం జిరాక్స్ అన్నట్టు.

రీప్లే అనేది పుట్టిన రోజే జనాన్ని టైము విషయంలో కంగారు పెట్టింది. 1963 డిసెంబర్ 7న అమెరికాలో ఆర్మీ, నేవీ జట్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి టోనీ వెర్నా అనే సీబీఎస్ టీవీ డైరెక్టర్ బీరువా అంత టేప్ మెషిన్‌ని స్టేడియానికి మోయించుకెళ్లి, అప్పుడే జరిగిన స్కోరుని వెంటనే మళ్లీ వేశాడు. జనం అప్పటిదాకా అలాంటిది చూసి ఎరగరు. ఆర్మీ ఇంకోసారి స్కోర్ చెయ్యలేదు, ఇది ఇందాకటిదే అని కామెంటేటర్ చెప్పుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మనకి తిరకాసు తలకిందులైంది. 2002 నవంబర్ 24న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ వన్డే చూశాను, మనవాళ్లు 135 పరుగులతో ఓడిపోయారు. వికెట్ పడ్డ ప్రతిసారీ ఎలా పడిందో మా స్టాండ్‌లో నలుగురు నాలుగు రకాలుగా చెప్పారు. ఇంటికొచ్చాక టీవీ ముందు కూర్చున్న నానమ్మ చెప్పింది అసలేం జరిగిందో. గ్రౌండ్‌లో ఉన్నవాడికి ఒకటే ఛాన్సు, ఇంట్లో ఉన్నవాళ్లకి మూడు. అలవాటైపోయి ఇప్పుడు గ్రౌండ్‌లో కూడా వికెట్ పడగానే జనం పిచ్ వైపు కాదు, స్క్రీన్ వైపు తల తిప్పుతున్నారు.

మళ్లీ మా రనౌట్‌కి వస్తాను. అప్పుడు ఇంకో తెలివైనవాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడట, ఒక మాటన్నాడు: "అన్నా, రెండో కెమెరాలో ఆ మధ్య బొమ్మ ఉండొచ్చుగా?" మంచి ప్రశ్న. ఉంటుంది కూడా. మూడు కెమెరాలూ 25 ఫ్రేములే తీస్తున్నా, మూడూ ఒకే క్షణంలో కన్ను తెరవవు. దేని గడియారం దానిదే. ఒకటి ముందు, ఇంకోటి పది మిల్లీసెకన్లు వెనక, మూడోది ఎక్కడో మధ్యలో. కాబట్టి రెండో కెమెరాలో బ్యాటు సరిగ్గా గీత మీద ఉన్న బొమ్మ దొరికింది. కానీ ఆ కెమెరాకి వికెట్లు కనపడవు, కీపర్ అడ్డం. మొదటి కెమెరాలో బెయిల్స్ కనపడుతున్నాయి. ఇందులో బ్యాటు, అందులో బెయిల్స్, ఈ రెండూ ఒకే క్షణమా? చెప్పలేం. రెండు గోడ గడియారాలు చెరో టైము చూపిస్తుంటే పెళ్లి ముహూర్తానికే జరిగిందో దాటాక జరిగిందో చెప్పమన్నట్టు.

టీవీలో థర్డ్ అంపైర్ స్క్రీన్‌ని రెండుగా చీల్చి, ఒకవైపు బెయిల్స్, ఇంకోవైపు గీత పెట్టి ఒక్కో ఫ్రేమే జరుపుతుంటాడే, అది మనకి చాలా మామూలుగా కనిపిస్తుంది. అలా చెయ్యాలంటే ఆ కెమెరాలన్నీ ఒకే తాళానికి ఆడాలి. ఓబీ వ్యాన్‌లో ఒక పెద్ద గడియారం ఉంటుంది, 'సింక్' అంటారు. దాని నుంచి ప్రతి కెమెరాకీ తాళం పోతుంది, అన్నీ ఒకే దెబ్బకి కన్ను తెరిచి మూస్తాయి. దీన్ని జెన్‌లాక్ అంటారు. భజనలో అందరి తాళాలూ ఒక్కసారే పడటం లాంటిది. ఇప్పుడు కొత్త ఓబీ వ్యాన్లలో లావుపాటి వీడియో కేబుళ్ల బదులు నెట్‌వర్క్ కేబుళ్ల మీద బొమ్మని పొట్లాలుగా పంపుతున్నారు, 2017లో దానికో పద్ధతి ఖరారు చేశారు, 2110 అంటారు. అక్కడ తాళం వైరు విడిగా ఉండదు, ప్రతి పొట్లం మీదా టైము ముద్ర ఉంటుంది, మెషిన్లన్నీ నెట్‌వర్క్ మీదే ఒకదాని గడియారం ఒకటి సరిచూసుకుంటాయి. మా మిక్సర్ లాంటి చిన్నవి ఇంత చెయ్యవు. ఆలస్యంగా వచ్చిన కెమెరా బొమ్మని కాస్త ఆపి, మిగతా వాటితో వరసలో నిలబెట్టి, చూసేవాడికి కుదుపు తెలియకుండా చేస్తాయి. పెళ్లికి చాలు, రనౌట్‌కి చాలదు.

బాల్ ట్రాకింగ్ మొత్తం ఈ తాళం మీదే నిలబడింది. బంతి ఎంత దూరంలో ఉందో ఒక్క కెమెరా చెప్పలేదు, ఒంటి కన్నుతో సూదిలో దారం ఎక్కించి చూడండి. అందుకని స్టేడియం చుట్టూ పైన ఆరో ఎనిమిదో కెమెరాలు పెడతారు, ప్రతిదీ తన వైపు నుంచి బంతి మీదకి ఒక గీత గీస్తుంది, గీతలు కలిసిన చోట బంతి ఉన్నట్టు. అలా చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ పోతే దారి వస్తుంది. ఇప్పుడు వాటిలో ఒక కెమెరా గడియారం 5 మిల్లీసెకన్లు తప్పిందనుకోండి. ఆ కాస్త సందులో బంతి 19 సెంటీమీటర్లు పోయి ఉంటుంది. మూడు వికెట్ల మొత్తం వెడల్పే 23 సెంటీమీటర్లు! రెప్పపాటులో ఇరవయ్యో వంతు కూడా కాని తేడాకి ఎల్‌బీడబ్ల్యూ తారుమారైపోతుంది.

హాక్ ఐ అన్న ఈ పద్ధతిని ఇంగ్లండ్‌లో పాల్ హాకిన్స్ తయారుచేశాడు, 2001 మేలో లార్డ్స్‌లో ఇంగ్లండ్, పాకిస్తాన్ టెస్టులో మొదటిసారి టీవీలో చూపించారు. అప్పుడది చూసేవాళ్ల సరదాకే, అంపైర్‌కి సంబంధం లేదు. 2008లో శ్రీలంకలో మనవాళ్లు ఆడిన టెస్టుల్లో రివ్యూలు పెట్టి చూశారు, చాలావరకు మనకే ఎదురు తిరిగాయి, దాంతో మన బోర్డు ఏళ్ల తరబడి దీన్ని దగ్గరికి రానివ్వలేదు, 2016 చివర్లో ఇంగ్లండ్ వచ్చినప్పుడే ఒప్పుకుంది. ఇక 'అంపైర్స్ కాల్' అనగానే మన హోటళ్లలో టీ గ్లాసులు బల్లల మీద పడతాయి, "తగులుతోంది కదా, ఔటివ్వడానికేంటి రోగం" అని. నేనూ అన్నాను. కానీ ఆలోచించండి, బంతి ప్యాడ్‌కి తగిలేదాకా వచ్చిన దారి కెమెరాలు చూసింది, ప్యాడ్ దాటాక వికెట్ల దాకా గీసింది అంచనా. బంతి పిచ్ మీద పడిన చోటు నుంచి ప్యాడ్ దాకా దూరం తక్కువైతే చుక్కలు తక్కువ, చుక్కలు తక్కువైతే అంచనా వదులు. బంతిలో సగానికి తక్కువ వికెట్‌ని రాసుకుంటున్నట్టు వస్తే, అది నిజంగా తగిలేదో, అంచనాలో తేడానో గట్టిగా చెప్పలేం కాబట్టి గ్రౌండ్‌లో ఉన్న మనిషి మాటే ఉంచుతారు. మెషిన్ తన అనుమానాన్ని తనే ఒప్పుకోవడం అది. నాకు ఇప్పుడా రూల్ మీద కోపం లేదు, మా పీఈటీ మాస్టారి సగం ఎత్తిన చెయ్యి చూశాక ఇంకా లేదు.

శబ్దం సంగతి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. మన ఎండల్లో గాలిలో శబ్దం సెకనుకి సుమారు 350 మీటర్లు పోతుంది. బౌండరీ దగ్గర పెట్టిన మైకు పిచ్‌కి 60 మీటర్లుంటే, బ్యాటు టక్కుమన్న చప్పుడు అక్కడికి చేరేసరికి నాలుగు ఫ్రేములు గడిచిపోతాయి. అందుకే వికెట్ల దగ్గరే మైకు పాతిపెడతారు. అలన్ ప్లాస్కెట్ అనే ఇంగ్లండ్ ఆయన తొంభైల్లో కనిపెట్టిన స్నికోమీటర్, ఇప్పటి అల్ట్రాఎడ్జ్, రెండూ చేసే పని ఒకటే: ఆ మైకు చప్పుడుని గీతగా గీసి, బొమ్మ కింద పెట్టి, బంతి బ్యాటు పక్కన ఉన్న ఫ్రేములోనే స్పైక్ లేచిందా అని చూడటం. ఒక్క ఫ్రేము అటైతే అది ప్యాడ్, ఇటైతే బ్యాటు నేలకి తగిలింది. ఇంత నమ్మకం పెట్టుకోవాలంటే చప్పుడూ బొమ్మా ఎక్కడా జారకూడదు.

జారడం ఎంత తేలికో నాకు బాగా తెలుసు. కెమెరా బొమ్మ వైర్‌లెస్‌లో వచ్చి, మిక్సర్‌లో ఆగి, అక్కడ వరసలో నిలబడి బయటికొచ్చేసరికి కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతుంది. మైకు శబ్దం వైరు పట్టుకుని తిన్నగా వచ్చేస్తుంది. శబ్దాన్ని కూడా అంతే సేపు కావాలని ఆపకపోతే మాట ముందు, పెదవి తర్వాత. మొదట్లో ఒక పెళ్లికి అలాగే అయింది, లైవ్‌లో గట్టిమేళం ముందు మోగింది, తాళి తర్వాత పడింది, పెళ్లికొడుకు బాబాయ్ ఇప్పటికీ ఎక్కడ కనపడినా అదే అంటాడు. శబ్దం కాస్త వెనకపడితే ఎవరూ పట్టించుకోరు, మెరుపు ముందు, ఉరుము తర్వాత అన్నది పుట్టినప్పటి నుంచీ మనకి అలవాటే. ఉరుము ముందొస్తేనే మనిషికి చిరాకు.

ఇంక బొమ్మని బయటికి పంపడం. ఫుల్ హెచ్‌డీ అంటే 20 లక్షల పైచిలుకు చుక్కలు. సెకనుకి 50 సార్లు, టీవీ నాణ్యతలో రంగులతో సహా లెక్కేస్తే సెకనుకి దాదాపు 2 గిగాబిట్లు. మేం గ్రౌండ్ నుంచి పంపేది 5 మెగాబిట్లు. నాలుగొందల బిందెల నీళ్లు ఒక్క బిందెలోకి కుక్కాలన్నమాట. ఎన్‌కోడర్ అనేది చేసేది ఇదే. ఒక బొమ్మ పూర్తిగా పంపుతుంది, తర్వాత వాటికి ఏం మారిందో అది మాత్రమే చెబుతుంది. వెనకున్న గోడ కదల్లేదుగా, దాని గురించి మళ్లీ చెప్పడం దేనికి. కబడ్డీ దీనికి చక్కగా సరిపోతుంది, మ్యాట్ ఒకే రంగు, కెమెరా పెద్దగా తిరగదు. క్రికెట్ చంపేస్తుంది. బంతి వెంట కెమెరా తిరిగిందంటే గడ్డిపోచలన్నీ ఒక్కసారిగా కదులుతాయి, ప్రతిదీ కొత్తే. గెలిచాక రంగు కాగితాలు పేలుస్తారు చూడండి, అప్పుడు ఫోన్‌లో బొమ్మ గళ్లు గళ్లుగా అయిపోయేది అందుకే, ఏ రెండు ఫ్రేములకీ పోలిక దొరక్క ఎన్‌కోడర్ చేతులెత్తేస్తుంది. ఇంకో సంగతి, బాగా కుక్కాలంటే ఎన్‌కోడర్ ముందున్న బొమ్మలే కాదు, తర్వాత రాబోయే వాటిని కూడా చూసుకుంటుంది. రాబోయేది చూడాలంటే ఆగాలి. అంటే పొదుపు చేసిన ప్రతి బిట్టుకీ కాస్త టైముతో డబ్బు కడుతున్నాం.

పెద్ద ఛానెళ్లకి ఫైబరూ, శాటిలైట్ డిష్ ఉన్న వ్యానూ ఉంటాయి. మాకు నాలుగు సిమ్ములు. మధ్యాహ్నం గ్రౌండ్ ఖాళీగా ఉన్నప్పుడు అప్‌లోడ్ బ్రహ్మాండంగా వస్తుంది, సాయంత్రం మూడు వేలమంది జనం చేరి ప్రతివాడూ స్టేటస్ పెట్టడం మొదలెట్టగానే అదే టవర్ మూలుగుతుంది. దీనికి బాండింగ్ అని ఒక ఉపాయం ఉంది. విజయవాడ నుంచి గుంటూరుకి పెళ్లివారు వెళ్తున్నారనుకోండి, నలభై మంది. కొందరు కాజ టోల్‌గేటు మీదుగా కార్లలో, కొందరు రైల్లో, కొందరు తెనాలి చుట్టు తిరిగి బస్సులో. ఎవరి దారి ఖాళీగా ఉంటే వాళ్లు ఎక్కువమందిని తీసుకెళ్తారు, ఒక దారి మూసుకుపోతే మిగతా వాటిలో సర్దుకుంటారు. అలాగే బాండింగ్‌లో వీడియోని పొట్లాలు చేసి నాలుగు సిమ్ముల్లో పంచుతారు, అవతల మళ్లీ వరస పేర్చుకుంటారు. కానీ అందరూ దిగేదాకా గ్రూప్ ఫోటో తియ్యలేరు కదా, తెనాలి బస్సు కోసం ఆగాల్సిందే. ఆ ఆగడం మా దగ్గర ఒకటి రెండు సెకన్లు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ కలిపినా లైవ్ రెండు మూడు సెకన్లే వెనక. శాటిలైట్‌ని అందరూ తిడతారు గానీ పాపం దాని వాటా చాలా తక్కువ, 35,786 కిలోమీటర్ల పైకెళ్లి మళ్లీ కిందకి రావడానికి పావు సెకను. స్టేడియం నుంచి ఛానెల్‌కి ఒకసారి, ఛానెల్ నుంచి మన డిష్‌కి ఇంకోసారి, అర సెకను అనుకోండి. మధ్యలో తెలుగు కామెంటరీ కలపడం, యాడ్స్ పెట్టడం, మళ్లీ కుక్కడం, సెట్‌టాప్ బాక్సు విప్పడం, వీటన్నిటితో టీవీ ఇంకొన్ని సెకన్లు వెనకపడుతుంది. కామెంటరీ చెప్పేవాళ్లు కూడా చాలాసార్లు స్టేడియంలో ఉండరు, ఎక్కడో స్టూడియోలో మనలాగే స్క్రీన్ చూస్తూ చెబుతుంటారు.

ఫోన్ మాత్రం అసలు సిసలు ఆలస్యం. యాపిల్ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ అనే పద్ధతి ఇప్పటికీ ఎక్కువగా నడుస్తోంది. అందులో లైవ్ అనేది ధారగా రాదు, ముక్కలుగా వస్తుంది, మామూలుగా ఆరేసి సెకన్ల ముక్కలు. ఆరు సెకన్లు పూర్తిగా జరిగితేనే ఒక ముక్క తయారు. దాన్ని నాలుగు రకాల నాణ్యతల్లో చేసి, ఊరూరా ఉన్న సర్వర్లకి పంచి పెట్టాలి, అక్కడి నుంచి ఫోన్ తెచ్చుకోవాలి. ఫోన్ కూడా వచ్చిన ముక్క వచ్చినట్టు వెయ్యదు, మూడు ముక్కలు దాచుకుని అప్పుడు మొదలెడుతుంది, మధ్యలో నెట్ తడబడితే వాడుకోవడానికి. మూడార్లు పద్ధెనిమిది, దారి ఖర్చులు కలిపితే ఇరవై అయిదు, ముప్పై సెకన్లు. ఎదురింటివాళ్లు టీవీ చూసి సిక్స్ అని అరిచాక మన ఫోన్‌లో బౌలర్ ఇంకా చెమట తుడుచుకుంటూ ఉండేది ఇందుకే. ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, తయారవుతుండగానే పంపే పద్ధతి 2019లో వచ్చింది. కానీ ఫోన్ దాచుకునేది తగ్గిందంటే గిరగిరా తిరిగే చక్రం ఎక్కువ కనపడుతుంది. పెళ్లిళ్లలో నేను ఆలస్యమే ఎంచుకుంటాను. మేనమామకి తాళి అరనిమిషం లేటైతే ఏం పోయింది, ఆగిపోతే మాత్రం ఫోన్ నాకే వస్తుంది.

ఈ ముక్కల పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది, అందుకే పోవట్లేదు. ముక్క అంటే మామూలు ఫైలే, ఒకసారి మీ దగ్గర్లోని సర్వర్‌లో పడితే వెయ్యిమందికైనా లక్షమందికైనా అదే ముక్క ఇవ్వొచ్చు, ప్రతివాడి కోసం స్టేడియం దాకా వెళ్లక్కర్లేదు. 2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్‌ని హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో 5.9 కోట్లమంది చూశారంటే దీనివల్లే. చిక్కు ఎక్కడొస్తుందంటే చూసేటప్పుడు కాదు, మానేసేటప్పుడు. 2019 జూలైలో న్యూజిలాండ్‌తో సెమీస్‌లో 2.5 కోట్లమంది ఉన్నారు. గప్టిల్ నేరుగా కొట్టిన త్రోకి ధోనీ రనౌట్. కోట్లమంది ఒక్కసారిగా బ్యాక్ బటన్ నొక్కారు, అంటే అందరూ యాప్ మొదటి పేజీ మీద పడ్డారు. వీడియో ముక్కలు పక్క సర్వర్లో రెడీగా ఉంటాయి, మొదటి పేజీ మాత్రం ఒక్కొక్కడికీ వేరుగా వండి పెట్టాలి. సినిమా నడుస్తున్నంత సేపూ ఇబ్బంది లేదు, వదిలినప్పుడు గేటు దగ్గరే తొక్కిసలాట. ఆ బ్యాటు గీతకి ఎంత ఇవతల ఉందో ఆ రోజు దేశమంతా చూసింది, ఎందుకంటే అక్కడ మధ్యలో బొమ్మ ఉంది.

మాకు లేదు. పీఈటీ మాస్టారు మా ల్యాప్‌టాప్‌లోకి ఒకసారి తొంగి చూసి, "ఇందులో నా కళ్లకంటే ఎక్కువేం లేదబ్బాయ్" అని, అనుమానం బ్యాట్స్‌మన్ వైపు పెట్టి నాటౌట్ ఇచ్చేశారు. తర్వాతి బంతికే ఆ కుర్రాడు లాంగాన్‌లో క్యాచ్ ఇచ్చి, బ్యాటు నేలకేసి కొట్టుకుంటూ పరుగున వచ్చి మా టేబుల్ పక్కన ఇసక బస్తా మీద కూలబడ్డాడు. వాళ్ల తమ్ముడి చేతిలో ఫోన్‌లో మా లైవే నడుస్తోంది. వీడు తొంగి చూశాడు. ఫోన్‌లో వీడు ఇంకా క్రీజులోనే ఉన్నాడు, బ్యాటు గీత మీద తట్టుకుంటూ గార్డ్ తీసుకుంటున్నాడు. బౌలర్ పరుగు మొదలుపెట్టాడు.

"వదిలెయ్‌రా" అన్నాడు ఫోన్‌లో ఉన్న తనతో తనే, మెల్లిగా. "అది బయటికి పోతుంది, వదిలెయ్."